కడుపులో పుండు, కంట్లో ఎరుపు: టాలీ అయిన ఒక తప్పు లెక్క



నేను రక్షణశాఖ లెక్కల విభాగంలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరయిన మనిషిని. చదివింది బి.కాం. వైద్యం నా సబ్జెక్టు కాదు. అయినా ఈసారి ఒక వైద్య చరిత్ర రాస్తున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నేనే ఒక తప్పు చేశాను. మన మీటింగుల్లో ఇతరుల మూఢనమ్మకాల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. మన తప్పు కూడా అప్పుడప్పుడు ఒప్పుకుంటే మంచిది.

అది 2018 వేసవి. మా అక్క కొడుకు భిలాయిలో ఉద్యోగం చేస్తూ, రాయపూర్‌లో మా ఇంట్లోనే ఉండేవాడు. అప్పటికి మూడేళ్ళుగా వాడికి అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. మన వాళ్ళు పెద్దపేగు పూత అంటారు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుంది, విరేచనంలో రక్తం, జిగురు పడతాయి. మందులతో అదుపులో ఉంది. ఒకరోజు పొద్దున్నే కుడి కన్ను ఎర్రగా చేసుకుని వచ్చాడు. "మావయ్యా, వెలుతురు చూడలేకపోతున్నాను, కన్ను లాగేస్తోంది" అన్నాడు.

మా అత్తగారు అప్పుడు పార్వతీపురం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. "అల్లుడుగారూ, వీడి కడుపులో వేడే కళ్ళలోకి ఎక్కిందండీ. సబ్జాగింజలు నానబెట్టి ఇవ్వండి, రాత్రికి కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకోమనండి" అన్నారు.

నేను నవ్వాను. "కడుపెక్కడ, కన్నెక్కడ అత్తయ్యగారూ? ఊళ్ళో కళ్ళకలకలు తిరుగుతున్నాయి, అంతే" అని తేల్చేశాను. మందుల షాపులో చుక్కలు కొని తెచ్చాను. అయిదు రోజులు వేశాం. తగ్గలేదు. చూపు మసకబారింది.

ఆరో రోజు కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన మిషన్లో కన్ను చూసి, తల పైకెత్తి అడిగిన మొదటి ప్రశ్న కంటి గురించి కాదు. "పేట్ కైసా రహతా హై?" అన్నాడు. కడుపు ఎలా ఉంటుంది అని! నేను నోరు తెరిచాను. మావాడు కొలైటిస్ సంగతి చెప్పగానే ఆయన తల ఊపాడు. అది కళ్ళకలక కాదు. యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాపు. అప్పటికే నల్లగుడ్డు వెనకున్న ఐరిస్ అనే రంగు పొర, దాని వెనకున్న లెన్సుకు రెండు చోట్ల అతుక్కుపోయింది. పాపను పెద్దది చేసే చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టారు. చూపు తిరిగి వచ్చింది. ఒకచోట మాత్రం అతుకు ఊడలేదు. ఇవాళ్టికీ వాడి కుడికంటి పాప పూర్తి గుండ్రంగా ఉండదు. ఆ వంకర నా అయిదు రోజుల తెలివికి గుర్తు.

అంటే మా అత్తగారు చెప్పిందే నిజమా? లెక్కల మనిషిగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ట్రయల్ బాలెన్స్ టాలీ అయినంత మాత్రాన ఖాతాలు సరైనవని అర్థం కాదని బి.కాం. మొదటి ఏడాదే చెబుతారు. ఒక తప్పును ఇంకో తప్పు కొట్టేస్తే మొత్తం సరిపోతుంది, లోపల ఎంట్రీలు రెండూ తప్పే. కడుపుకీ కంటికీ ఉన్న సంబంధం చరిత్ర చదివితే సరిగ్గా అలాగే కనిపించింది.

అన్నిటికీ మలబద్ధకమే మూలం అన్న కాలం

కడుపు చెడితే కన్ను చెడుతుందనే మాట మన పల్లెల్లోనే కాదు, ఇంగ్లండు ఆసుపత్రుల్లోనూ ఉండేది. 1880లో బర్మింగ్‌హామ్ కంటి డాక్టరు హెన్రీ ఈల్స్ ఒక కొత్త జబ్బును వర్ణించాడు. పడుచు మగపిల్లల కళ్ళలో, లోపలి రెటీనా మీద, మళ్ళీ మళ్ళీ రక్తస్రావం అవుతోంది. వాళ్ళకు ముక్కు నుంచి రక్తం కారడం, మలబద్ధకం కూడా ఉన్నాయని ఆయన గమనించాడు. తన వ్యాసం పేరులోనే మలబద్ధకాన్ని చేర్చాడు. ఆ జబ్బుకు ఈల్స్ డిసీజ్ అనే పేరు నిలిచిపోయింది. మన దేశంలో అది ఎక్కువగానే కనిపిస్తుంది. మలబద్ధకం మాత్రం ఆ లెక్కలోంచి ఎప్పుడో ఎగిరిపోయింది. తరవాతి పరిశోధనలు రక్తనాళాల వాపు వైపు, క్షయ క్రిమి మీద శరీరం చూపే ప్రతిస్పందన వైపు దారితీశాయి. చెన్నై శంకర నేత్రాలయ వాళ్ళు ఈ దిశలో చాలా పనిచేశారు.

ఈల్స్‌ని తప్పు పట్టడానికి లేదు. చూసింది చూసినట్టు రాశాడు. కానీ తన దగ్గరకు వచ్చిన కొద్దిమందిలో రెండు విషయాలు కలిసి కనబడితే వాటికి సంబంధం ఉన్నట్టేనా? మలబద్ధకం లేనివాడెవడు, ఆ రోజుల్లో ఇంగ్లండులో?

తరవాత తరం మరీ దూరం పోయింది. పెద్దపేగులో మలం నిలవుంటే విషం పుట్టి రక్తంలో కలుస్తుందని, ఒంట్లోని ప్రతి జబ్బుకూ అదే మూలమని ఒక సిద్ధాంతం బయలుదేరింది. నోబెల్ గ్రహీత మెచ్నికాఫ్ లాంటివాడే దాన్ని సమర్థించాడు. లండన్‌లో సర్ ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ అయితే మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేశాడు. దానికి తోడు అమెరికాలో, పళ్ళల్లో టాన్సిల్స్‌లో దాగిన చీమే కీళ్ళ జబ్బులకూ కంటి వాపులకూ కారణమనే వాదం నడిచింది. కన్ను ఎర్రబడిందని వెళ్ళినవాడు పళ్ళు పీకించుకుని బయటికి వచ్చేవాడు.

ఈ విషసిద్ధాంతాన్ని పడగొట్టింది పెద్ద ఉపన్యాసాలేమీ కాదు. 1919లో వాల్టర్ అల్వారెజ్ ఒక చిన్న ప్రశ్న వేశాడు. మలబద్ధకం వల్ల వచ్చే తలనొప్పి, మందకొడితనం విరేచనం కాగానే నిమిషాల్లో పోతాయి కదా, రక్తంలో విషం ఉంటే అంత త్వరగా ఎలా పోతుంది? 1922లో డొనాల్డ్‌సన్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు వేశాడు. మనుషుల మలద్వారంలో దూది కుక్కి చూశాడు. అవే లక్షణాలు వచ్చాయి, దూది తియ్యగానే పోయాయి. దూదిలో విషం లేదు కదా! హేతువాదులు గోడ మీద రాసుకోదగ్గ ప్రయోగం ఇది.

దీంతో చదువుకున్న డాక్టర్లకు ‘అన్నిటికీ కడుపే’ అనే మాట వింటేనే చిరాకు పుట్టింది. ఆ చిరాకు న్యాయమైనదే. నేను మా అత్తగారి మాటకు నవ్వింది కూడా ఆ చిరాకుతోనే.

1925: ఇద్దరు రోగులు

విచిత్రం ఏమిటంటే, తప్పుడు సంబంధం కూలిపోతున్న ఆ ఏళ్ళలోనే అసలు సంబంధం బయటపడింది. న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి డాక్టరు బరిల్ క్రోన్ 1925లో ఒక వ్యాసం రాశాడు. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న ఇద్దరు రోగుల్లో కంటి జబ్బు కూడా రావడం అందులోని విషయం. ఈయనే తరవాత 1932లో గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్‌లతో కలిసి చిన్నపేగు చివరిభాగంలో వచ్చే జబ్బును వర్ణించాడు. వ్యాసంలో పేర్లు అక్షరక్రమంలో వేశారు కాబట్టి దానికి క్రోన్స్ వ్యాధి అనే పేరు స్థిరపడింది. అంటే తన పేరు మోసే జబ్బు కంటే ఏడేళ్ళ ముందే ఆయన ఈ కడుపు–కన్ను సంగతి రాసిపెట్టాడు.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి రెండింటినీ కలిపి ఇప్పుడు ఐ.బి.డి. అంటున్నారు. పేగులు దీర్ఘకాలం వాచిపోయి ఉండే జబ్బులు. ఒత్తిడి వల్ల కడుపు గడబిడ అయ్యే ఐ.బి.ఎస్. వేరు, ఇది వేరు. అక్షరం ఒకటే తేడా కాబట్టి చాలామంది కలిపేసుకుంటారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈల్స్ చూసింది కొద్దిమందిని. క్రోన్ చూసింది ఇద్దరినే. మరి ఈల్స్ మలబద్ధకం తప్పయితే క్రోన్ కొలైటిస్ ఒప్పు ఎలా అయింది? ఆ రోజున ఇద్దరి విలువా ఒకటే: రెండూ అనుమానాలు మాత్రమే. మా భాషలో చెప్పాలంటే రెండూ సస్పెన్స్ ఖాతాలో పడే ఎంట్రీలు. అసలు ఖాతాకు ఏది వెళుతుందో తరవాత వచ్చే వోచర్లు తేల్చాలి.

వోచర్లు ఎలా వచ్చాయి

సంబంధం ఉందో లేదో తేల్చడానికి నాలుగు గళ్ళు కావాలి. పేగు జబ్బు ఉండి కంటివాపు ఉన్నవాళ్ళు, పేగు జబ్బు ఉండి కంటివాపు లేనివాళ్ళు, పేగు జబ్బు లేకుండా కంటివాపు ఉన్నవాళ్ళు, రెండూ లేనివాళ్ళు. మన మెదడు మొదటి గడినే గుర్తుంచుకుంటుంది. జాతకాలు నిజమయ్యాయని చెప్పేవాళ్ళందరూ మొదటి గడి చూపించేవాళ్ళే. మిగతా మూడు గళ్ళూ నింపడమే సైన్సు.

నింపడానికి ముందు కనబడాలి కదా. కన్ను ముందు గదిలో ఉండే ద్రవంలో వాపు కణాలు తేలుతుంటే మామూలు టార్చికి కనబడవు. 1911లో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ స్లిట్ లాంప్ తెచ్చాడు. కత్తిలాంటి సన్నని వెలుగుచీలికను కంట్లోకి పంపి పక్కనుంచి భూతద్దంలో చూసే పరికరం అది. చీకటి గదిలో కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము రేణువులు కనబడినట్టు, ఆ వెలుగులో కణాలు కనబడతాయి. మా వాడి గడ్డం ఆన్చి కూర్చోబెట్టిన మిషన్ అదే.

ఇక లెక్కలు. కెనడాలో మానిటోబా అనే రాష్ట్రం ఉంది. అక్కడ ప్రతి పౌరుడి వైద్యం ఖర్చూ ప్రభుత్వ బీమాయే భరిస్తుంది. కాబట్టి ఎవరికి ఏ జబ్బుకు డాక్టరు బిల్లు పెట్టాడో అంతా రికార్డులో ఉంటుంది. 2001లో అక్కడి పరిశోధకులు ఆ రికార్డుల ఆధారంగా ఐ.బి.డి. వాళ్ళలో ఇతర భాగాల జబ్బులు లెక్కపెట్టారు. పేగు దాటి వచ్చే జబ్బుల్లో కంటి లోపలి వాపు ముఖ్యమైనదిగా, ఆడవాళ్ళలో మగవాళ్ళ కంటే ఎక్కువగా తేలింది. బిల్లులంటే గుమాస్తా పని అని చిన్నచూపు చూసేవాళ్ళకు ఇది చెప్పండి. జన్మంతా వోచర్లు చూసిన నాకు ఆ అధ్యయనం చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

వేరువేరు దేశాల అధ్యయనాల్లో ఐ.బి.డి. ఉన్న వందమందిలో నలుగురి నుంచి పన్నెండు మంది దాకా ఏదో ఒక కంటి వాపు వచ్చినట్టు కనిపిస్తుంది. యువైటిస్ ఒక్కటే తీసుకుంటే ఇద్దరి నుంచి అయిదుగురి దాకా. మరి మామూలు జనంలో? దీనికి మన హైదరాబాదులోనే వోచరు ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు హైదరాబాదు నగరంలో 2,522 మందిని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించారు. అప్పుడున్నది, పాతది కలిపి యువైటిస్ గుర్తులు నూటికి ఒకరి కంటే తక్కువ మందిలోనే దొరికాయి. రెండు దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి కూడికలు చెయ్యకూడదని నాకు తెలుసు. అయినా తేడా ఎటువైపో అర్థమవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా లెక్కల్లోంచే తేలింది. ఐ.బి.డి.లో కన్ను ఎర్రబడడం ఒకే రకం కాదు. తెల్లగుడ్డు పైపొర వాచే ఎపిస్క్లెరైటిస్ సాధారణంగా పేగుతో పాటే నడుస్తుంది. పేగు రేగితే అదీ రేగుతుంది, పేగు తగ్గితే అదీ తగ్గుతుంది, చూపుకు పెద్దగా హాని చెయ్యదు. యువైటిస్ అలా కాదు. కడుపు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా రావచ్చు. కొందరిలో పేగు జబ్బు బయటపడక ముందే వస్తుంది. కొందరిలో రెండు కళ్ళలోనూ, పెద్ద నొప్పి లేకుండా, నెమ్మదిగా ముదురుతుంది. తెల్లగుడ్డే లోతుగా వాచే స్క్లెరైటిస్ అరుదు, కానీ ప్రమాదం.

ఇక్కడే ‘వేడి’ సిద్ధాంతం పట్టుబడుతుంది. కడుపులో వేడి కంటికెక్కడమే నిజమైతే, కడుపు చల్లగా ఉన్నప్పుడు కన్ను ఎర్రబడకూడదు. మా మేనల్లుడికి ఆ నెలలో కడుపు శుభ్రంగా ఉంది. ఆ విషయం మా అత్తగారూ అడగలేదు, నేనూ అడగలేదు.

వేడి కాదు, మరేమిటి?

1973లో లండన్‌లో బ్రూవర్‌టన్, లాస్ ఏంజెలిస్‌లో ఇంకో బృందం, విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టారు. వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు ఉన్నవాళ్ళలో అత్యధికుల కణాల మీద హెచ్.ఎల్.ఏ.-బి27 అనే గుర్తు ఉంది. అదే ఏడాది బ్రూవర్‌టన్ బృందం హఠాత్తుగా వచ్చే యువైటిస్‌లోనూ అదే గుర్తు ఎక్కువని చూపింది. ఐ.బి.డి. వాళ్ళలో వెన్ను, కన్ను రెండూ పట్టుబడే వాళ్ళలో ఈ గుర్తు తరచు కనిపిస్తుంది. మా డాక్టరు కడుపు తరవాత అడిగిన రెండో ప్రశ్న "పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా?" అని. ఆ ప్రశ్న 1973 నుంచి వచ్చిందన్నమాట.

అసలు సూత్రధారి మన రోగనిరోధక వ్యవస్థ. పేగు గోడల దగ్గర కోటానుకోట్ల సూక్ష్మజీవులతో కాపురం చేస్తూ తర్ఫీదు పొందిన కణాలు దారితప్పి సొంత శరీరం మీదే తిరగబడడం ఒక వివరణ. 2015లో అమెరికా జాతీయ కంటి సంస్థ శాస్త్రవేత్తలు ఎలుకల్లో దీన్ని చూపారు. పేగు క్రిముల ప్రభావంతో మేల్కొన్న కణాలే రెటీనా మీద దాడి చేశాయి. క్రిములను మందులతో తగ్గిస్తే కంటిజబ్బు తగ్గింది. ఇది జన్యువులు మార్చిన ఎలుకల సంగతి, మనుషుల్లో ఇంతే అని చెప్పడానికి లేదు. ‘కన్ను బాగుండాలంటే పేగు శుభ్రం చేసుకోండి’ అని పొడులు అమ్మేవాళ్ళు ఈ వాక్యం చదవరు.

లెక్కలో ఒక తెలుగువాడు

ఇక మందుల కథ. 1950లో కార్టిజోన్‌కు నోబెల్ వచ్చింది. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు 210 మంది కొలైటిస్ రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కార్టిజోన్, రెండో గుంపుకు ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. అసలు మందు గుంపులో జబ్బు అణిగినవాళ్ళు స్పష్టంగా ఎక్కువ. ఆ ఏళ్ళలోనే కంటి డాక్టర్లు కూడా యువైటిస్‌కు స్టెరాయిడ్లు వాడడం మొదలుపెట్టారు. కానీ 1960 నాటికి ఇంకో బిల్లు వచ్చింది. దీర్ఘకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగిన కీళ్ళ రోగుల్లో కంటి శుక్లాలు వస్తున్నాయని తేలింది. కంటిలో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావడం కూడా ఉంది. కన్ను కాపాడే మందే కన్ను తీస్తుంది. కాబట్టి స్టెరాయిడ్ తగ్గించే మందు కావాలి.

అక్కడ వస్తాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. మనవాళ్ళు సంగ్రహణి అంటారు. ఇది ఐ.బి.డి. కాదు, పేగు ఆహారాన్ని పీల్చుకోలేని వేరే జబ్బు. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సలో కోలుకున్నాడు. ఆయుర్వేద అభిమానులు ఈ సంగతి తరచు చెబుతారు. అబద్ధం కాదు, కోలుకున్నాడు. కానీ ఒక్క రోగి కోలుకోవడం మొదటి గడిలో ఒక్క ఎంట్రీ మాత్రమే. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు సుబ్బారావే. అందుకే అక్కడితో తృప్తిపడక 1922లో అమెరికా వెళ్ళాడు. క్రోన్ కంటి వ్యాసం రాసిన 1925లోనే, రక్తంలో భాస్వరం కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అచ్చయింది. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది. 1948లో అదే ప్రయోగశాల నుంచి బెంజమిన్ డగ్గర్ పట్టుకున్న ఆరియోమైసిన్, మొట్టమొదటి టెట్రాసైక్లిన్, వచ్చింది. ఉష్ణదేశాల స్ప్రూకు తరవాత స్థిరపడిన చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్. తన అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన ప్రయోగశాల నుంచే వచ్చాయి.

కంటికి దీనితో ఏమి సంబంధం అంటారా? ఫోలిక్ ఆసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందులు కూడా ఆ బృందమే చేసింది. పిల్లల రక్త కాన్సరుకు సిడ్నీ ఫార్బర్ వాడి చూశాడు. వాటిలో నిలబడింది మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948లో చనిపోయాడు, తరవాతి కథ చూడలేదు. 1960ల మధ్యలో కంటి డాక్టర్లు దాన్ని కంటివాపుకు వాడి చూశారు. 1995లో 141 మంది క్రోన్స్ రోగుల మీద జరిగిన పరీక్షలో వారానికి ఒక ఇంజక్షన్ తీసుకున్న వాళ్ళలో నూటికి 39 మందికి స్టెరాయిడ్ మానేసినా జబ్బు అణిగి ఉంది. ఉత్తుత్తి ఇంజక్షన్ గుంపులో 19 మందికే. యువైటిస్ మీద 216 మందితో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. మన దేశంలోని కంటి ఆసుపత్రులకు అందులో ప్రధాన పాత్ర. ఖరీదైన ఇంకో మందు, చవకైన ఈ మెథోట్రెక్సేట్ కంటే మెరుగని తేలలేదు.

ఇంకా చక్కని సంగతి, మెథోట్రెక్సేట్ వాడే వాళ్ళకు దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఇస్తారు. డెబిట్టూ క్రెడిట్టూ రెండూ సుబ్బారావు ఖాతాలోవే. అయితే అభిమానం కొద్దీ ఎక్కువ రాయకూడదు. ఈ మందు క్రోన్స్‌లో పనిచేసినట్టు అల్సరేటివ్ కొలైటిస్‌లో పనిచేస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు. గర్భిణులకు పనికిరాదు. వారానికి ఒకసారి వేసుకోవలసింది రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది. 1998లో క్రోన్స్‌కు అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్, పేగుతో పాటు 2016లో యువైటిస్‌కూ అనుమతి పొందిన అడాలిమ్యుమాబ్ ఇంకో తరం మందులు. వాపు సంకేతం మోసే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని పట్టుకుంటాయి. పేగుకూ కంటికీ ఒకే తాళంచెవి పనిచేస్తోందంటే, రెండు చోట్లా తాళంలో కొంతైనా పోలిక ఉందన్నమాట.

మన దేశపు చిక్కు

పై కథ చాలావరకు పరాయి దేశాలది. మన దగ్గర ఒక చిక్కు అదనం: క్షయ. పేగుకు క్షయ వస్తుంది. అది చూడడానికి అచ్చం క్రోన్స్‌లా ఉంటుంది. కంటికీ క్షయ వస్తుంది, యువైటిస్‌లా ఉంటుంది. పేగూ కన్నూ రెండూ చెడిన మనిషి మన దేశంలో డాక్టరు ముందు కూర్చుంటే అది క్షయా, క్రోన్సా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. పొరబాటు ఎటు జరిగినా ప్రమాదమే. క్రోన్స్‌ను క్షయ అనుకుని మందులిస్తే నెలలు వృథా. పైగా క్షయ మందుల్లో ఎథాంబ్యుటాల్ కొందరిలో కంటినరాన్ని దెబ్బతీస్తుంది. రంగులు వెలిసిపోయినట్టు కనబడడం దాని తొలి గుర్తు కావచ్చు. క్షయను క్రోన్స్ అనుకుని టి.ఎన్.ఎఫ్. మందు ఇస్తే దాగిన క్షయ విరుచుకుపడుతుంది. అందుకే ఆ మందులకు ముందు క్షయ పరీక్షలు చేస్తారు.

ఐ.బి.డి. తెల్లవాళ్ళ జబ్బు, మనకు రాదు అన్నది ఇంకో అపోహ. లూధియానా డాక్టర్లు పంజాబులో ఇంటింటికీ తిరిగి యాభై వేలకు పైగా జనాన్ని విచారించి 2003లో ఫలితాలు ప్రచురించారు. లక్షకు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు తేలింది. హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్ళు తెలంగాణ మీద చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పేగు ఫిర్యాదులతో వచ్చిన పల్లెవాళ్ళలోనూ పట్నం వాళ్ళతో దాదాపు సమానంగా ఈ జబ్బు కనిపించింది.

తప్పు కారణం ఖరీదు

"కారణం ఏదైతేనేం, మీ అత్తగారు కడుపుకీ కంటికీ ముడిపెట్టింది కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. ముడిపెట్టింది. కానీ ఆ ముడి ఆమెను సబ్జాగింజల దగ్గరికి తీసుకెళ్ళింది, కంటి డాక్టరు దగ్గరికి కాదు. కారణం తప్పయితే చికిత్స తప్పుతుంది. మన ఛత్తీస్‌గఢ్‌లో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. జబ్బుకు కారణం టోన్హీ అని, అంటే చేతబడి చేసే ఆడమనిషి అని తేలిస్తే, రోగికి వైద్యం అందదు, పక్కింటి అమాయకురాలికి దెబ్బలు పడతాయి. దీని మీద 2005లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. ఈ మూఢత్వం మీద ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి ప్రచారం చేసిన అంధశ్రద్ధ నిర్మూలన సమితి నాయకుడు దినేశ్ మిశ్రా రాయపూర్‌లో కంటి డాక్టరే కావడం నాకు ఎప్పుడూ బాగుంటుంది.

అయితే నా ఖాతా కూడా చూడాలి. నేను నమ్మింది ఏమిటి? ‘కడుపెక్కడ, కన్నెక్కడ’ అని. దానికి నా దగ్గర ఏ వోచరు ఉంది? ఏదీ లేదు. పల్లెటూరి మాట కాబట్టి తప్పు అనుకున్నాను. మూఢనమ్మకాన్ని పరీక్ష లేకుండా నమ్మడం ఎంత తప్పో, పరీక్ష లేకుండా కొట్టెయ్యడం అంతే తప్పు. తరవాత మా అత్తగారితో ఫోన్లో విషయం చెప్పాను. "నేను చెప్పలేదా అల్లుడుగారూ" అన్నారు. "చెప్పారు. మీ మొత్తం సరిపోయింది, వోచర్లు తప్పు. నాకు వోచర్లూ లేవు, మొత్తమూ తప్పు" అన్నాను. ఆవిడకు ఎంత అర్థమయిందో తెలియదు, సంతోషించారు.

చివరగా పనికొచ్చే నాలుగు ముక్కలు. మీ ఇంట్లో పెద్దపేగు పూత గానీ, క్రోన్స్ గానీ ఉన్నవాళ్ళుంటే గుర్తుపెట్టుకోండి. కళ్ళకలకలో పుసులు కడతాయి, రెప్పలు అంటుకుంటాయి, చూపు మాత్రం సాధారణంగా బాగానే ఉంటుంది. పుసి లేకుండా ఎరుపు, లోతుగా నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక ఉంటే ఆ రోజే స్లిట్ లాంప్ ఉన్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీ పేగు జబ్బు సంగతి, వాడే మందుల పేర్లు అడగకుండానే చెప్పండి. కంట్లో చుక్కలు షాపువాణ్ణి అడిగి వెయ్యకండి. వైరస్ పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ చుక్క పడితే కన్నే పోవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడేవాళ్ళు కన్ను బాగున్నా సరే, శుక్లం, కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

మా మేనల్లుడు ఇప్పుడు ఏడాదికోసారి కన్ను చూపించుకుంటాడు. వెళ్ళే ముందు నన్ను కూడా రమ్మంటాడు. వెళతాను.